సెల్స్ మార్చిన బొమ్మ కారులో బ్యాటరీ వేడెక్కుతుంటే: వేడి పుట్టే చోటు పట్టుకోవడం ఎలా

నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడిచే రిమోట్ కారులో వాటిని తీసేసి రెండు 18650 (18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు) లిథియం సెల్స్ పెడితే కారు దూసుకుపోతుంది. పది నిమిషాలు ఆడించి అడుగున మూత ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. చాలామంది వెంటనే సెల్స్ మారుస్తారు. కొత్తవీ అలాగే కాలతాయి. తప్పు సెల్‌లో ఉండొచ్చు, మోటారులో ఉండొచ్చు, తుప్పు పట్టిన స్ప్రింగులో ఉండొచ్చు, ఛార్జర్ వైరింగులోనూ ఉండొచ్చు. ఒక్కోదానికి వేడి ఒక్కో చోట పుడుతుంది. ఆ చోటు తెలియకుండా ఏది మార్చినా డబ్బు దండగే, పైగా ఆడుకునేది పిల్లలు.

ఇక్కడ ఎక్కువ భాగం రిమోట్ కారు గురించే. పాటలు పాడే బొమ్మల సర్క్యూట్లు మార్చేవాళ్లకు పనికొచ్చే సంగతులు చివర్లో ఉన్నాయి.

పరీక్షలు చెయ్యకూడని సెల్

కొన్ని సెల్స్‌ని కొలవడానికి కూడా ప్రయత్నించకూడదు. పౌచ్ సెల్ (రేకు సంచిలో ఉండే పల్చటి లిథియం సెల్) దిండులా ఉబ్బినా, సెల్ నుంచి బుస్సుమనే చప్పుడు వచ్చినా, నెయిల్ పాలిష్ రిమూవర్‌ని గుర్తుచేసే తియ్యటి ఘాటు వాసన వచ్చినా, స్విచ్ ఆపేశాక కూడా వేడి పెరుగుతూనే ఉన్నా బొమ్మ మొత్తాన్ని ఆరుబయటికి, ఇసుక మీదికో ఉత్త నేల మీదికో చేర్చండి. విప్పొద్దు, ఉబ్బిన సెల్‌ని గుచ్చొద్దు. మంట వస్తే ఆ పొగ విషం, పీల్చకుండా దూరం జరగండి. చిన్న లిథియం అయాన్ సెల్‌కి మంటొస్తే దూరం నుంచి నీళ్లు ధారగా పోయొచ్చు. నీళ్లు దాన్ని చల్లబరుస్తాయి, లోపలి రసాయన చర్య పక్క సెల్‌కి పాకకుండా ఆపుతాయి. గుడ్డ కప్పితే మంట కనబడదేమో గానీ వేడి లోపలే ఉండిపోతుంది.

రెండు వోల్టుల కన్నా కిందికి పడిపోయి చాలాకాలం మూలన పడున్న లిథియం సెల్‌ని కూడా బతికించొద్దు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు విప్పి తీసిన సెల్స్‌లో ఇలాంటివి ఎక్కువ. అంత కిందికి దిగినప్పుడు లోపలి రాగి రేకు కరిగి, మళ్లీ ఛార్జ్ చేసేటప్పుడు ఉండకూడని చోట పేరుకుంటుంది. అదే లోపలి షార్ట్‌కి మొదలు.

పాత సెల్స్ చేస్తూ వచ్చిన పని

వేడి లెక్క చిన్నదే. కరెంటుని కరెంటుతో గుణించి, వచ్చినదాన్ని రెసిస్టెన్స్‌తో గుణిస్తే వాట్లు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు.

బొమ్మ తయారుచేసినవాళ్లు ఆల్కలైన్ సెల్స్‌ని దృష్టిలో పెట్టుకుని వైర్లు, ట్రాన్సిస్టర్లు ఎంచుకుంటారు. ఒక్కో ఆల్కలైన్ పెన్సిల్ సెల్‌కి సుమారు 0.2 ఓముల అంతర్గత రెసిస్టెన్స్ ఉంటుందనుకుందాం. నాలుగింటికి 0.8. మోటారు వైండింగు 1 ఓము. చక్రం గోడకి తగిలి ఆగిపోయిన క్షణంలో 6 వోల్టులని 1.8 ఓములతో భాగిస్తే 3.3 ఆంపియర్లు. ఇప్పుడు అదే కారులో నిండా ఛార్జ్ అయిన రెండు 18650 సెల్స్ వరసగా కలిపితే 8.4 వోల్టులు, రెండింటి అంతర్గత రెసిస్టెన్స్ కలిపి 0.1 ఓము. 8.4ని 1.1తో భాగిస్తే 7.6 ఆంపియర్లు. కారులో ఇంకేదీ మారలేదు. పాత సెల్స్ తమ బలహీనతతోనే కరెంటుకి కళ్లెం వేస్తూ వచ్చాయి, మనం ఆ కళ్లెం తీసేశాం.

ఇందులో సెల్ నాణ్యత ఎలా కలుస్తుందో కూడా చూడండి. 50 మిల్లీఓముల మంచి సెల్‌లో 7.6 ఆంపియర్లకి 2.9 వాట్ల వేడి పుడుతుంది. 150 మిల్లీఓముల అరిగిన సెల్స్ పెడితే కరెంటు 6.5కి తగ్గుతుంది, అయినా ఒక్కో సెల్‌లో వేడి 6.3 వాట్లు. కారు నెమ్మదించింది, సెల్ మాత్రం ఎక్కువ కాలుతోంది అంటే ఇదే కథ.

ఏ చోట వేడి?

కారుని అయిదు నిమిషాలు నడిపి, మూత తీసి, అరచేత్తో కాకుండా చేతి వెనక వైపుతో ఒక్కోచోటా తాకండి. ఉష్ణోగ్రత కొలిచే కె టైప్ వైరు ఉన్న మల్టీమీటర్ అయితే మరీ మంచిది. వైరు కొసనున్న గుండుని సెల్ నడుమ కాప్టాన్ టేపుతో (వేడికి తట్టుకునే టేపు) అంటించండి. గది కన్నా పది పదిహేను డిగ్రీలు ఎక్కువైతే కంగారు లేదు. సెల్ ఒళ్లు 45 దాటితే ఆపి కారణం వెతకాలి. మామూలు లిథియం అయాన్ సెల్‌కి డిశ్చార్జ్‌లో 60 డిగ్రీలు గరిష్ఠ హద్దు, ఛార్జింగులో 45. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో ఆడించి వెంటనే ఛార్జింగు పెడితే సెల్ ఆ హద్దు దగ్గరే మొదలవుతుంది. ఆ కాలంలో ఛార్జింగు తెల్లవారుజామునో రాత్రి చల్లబడ్డాకో పెట్టండి, మనుషులు మేలుకుని ఉన్నప్పుడే.

సెల్ నడుమ చల్లగా, కొస మాత్రం వేడిగా ఉంటే తప్పు స్ప్రింగుది. రెండు సెల్స్‌లో ఒకటే వేడెక్కితే ఆ సెల్‌ది. రెండూ సమంగా, ఒళ్లంతా వేడెక్కితే కరెంటు ఎక్కువ లాగుతోంది. స్విచ్ ఆపినా వేడి ఉంటే ఎక్కడో షార్ట్. నడిపేటప్పుడు చల్లగా ఉండి ఛార్జింగులోనే కాలితే ఛార్జర్ వైపు చూడండి.

సెల్స్ బయటికి తీసినప్పుడు ఒక్కో సెల్ పాజిటివ్ కొసని వెలుతురులో తిప్పి చూడండి. 18650 సెల్‌లో పాజిటివ్ బొడిపె ఒక్కటే పాజిటివ్. దాని చుట్టూ ఉన్న అంచుతో సహా మిగతా డబ్బా అంతా నెగటివ్. రెండింటి మధ్య దూరం రెండు మూడు మిల్లీమీటర్లు. ఆ అంచు మీద రంగు తొడుగు గోరంత చిరిగినా, పాజిటివ్ పట్టీ వంగి అక్కడ తగిలితే నేరుగా షార్ట్. పట్టీ అంచు ఒరుసుకుని తొడుగు మీద సన్నటి నల్లగీత పడి ఉంటే అది చిరగబోతోందని గుర్తు. కొత్త పీవీసీ తొడుగు వేసి, బొడిపె చుట్టూ గుండ్రటి ఇన్సులేషన్ కాగితం అంటించాకే సెల్‌ని మళ్లీ వాడండి.

కరెంటు కొలత

ఇది చెయ్యకుండా ముందుకెళ్లొద్దు. మల్టీమీటర్ ఎర్ర వైరుని 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చండి. మీటరు దారిలో వరసగా ఉండాలి, సెల్ రెండు కొసలకీ అడ్డంగా ఎప్పుడూ పెట్టకూడదు. కరెంటు కొలిచాక ఎర్ర వైరుని అదే రంధ్రంలో మరిచిపోయి వోల్టేజి చూడబోతే మీటరే షార్ట్ అవుతుంది. కొలత అవగానే వైరు మార్చేయడం అలవాటు చేసుకోండి.

బ్యాటరీ డబ్బాలో వైరు తెంపకుండా కొలిచే ఉపాయం ఉంది. పాత ఎక్స్‌రే ఫిల్ము నుంచి వేలెడంత ముక్క కత్తిరించి, రెండు వైపులా రాగి టేపు అంటించి, ఒక్కో వైపుకి ఒక్కో వైరు టంకం వెయ్యండి. అంచుల దగ్గర రెండు రాగి పొరలూ కలవకుండా కాస్త ఖాళీ వదలండి. ఆ ముక్కని సెల్‌కీ స్ప్రింగుకీ మధ్య దూర్చి, రెండు వైర్లూ మీటరుకి ఇస్తే కరెంటంతా మీటరు గుండా పోతుంది.

కొలవాల్సినవి నాలుగు:

1. స్విచ్ ఆఫ్. సున్నా చూపించాలి. మిల్లీఆంపియర్లలో కూడా ఏమీ కనబడకూడదు.
2. స్విచ్ ఆన్, కారు కదలకుండా. రిసీవర్, చిన్న లైట్లు కలిసి సాధారణంగా కొన్ని పదుల మిల్లీఆంపియర్లు.
3. చక్రాలు గాల్లో తిరుగుతూ. మోటారుని బట్టి అర ఆంపియరు లోపు ఉండాలి.
4. నేల మీద నడుస్తూ, ఆ తర్వాత చక్రాన్ని చేత్తో ఒక్క సెకను ఆపి. ఒక సెకను మించి ఆపొద్దు, మోటారు పోతుంది.

రెండో కొలతలోనే ఆంపియర్లు కనిపిస్తే మోటారుని నడిపే ట్రాన్సిస్టర్లలో ఒకటి షార్ట్ అయి ఉంటుంది. ముందుకీ వెనక్కీ నడిపే సర్క్యూట్‌లో ఒకే వైపునున్న పై, కింది ట్రాన్సిస్టర్లు రెండూ ఒకేసారి తెరుచుకుంటే కరెంటు మోటారు గుండా కాకుండా ప్లస్ నుంచి మైనస్‌కి తిన్నగా పోతుంది. 6 వోల్టుల బొమ్మకి 8.4 ఇచ్చినప్పుడు తరచూ బలయ్యేవి ఇవే.

మూడో కొలత ఎక్కువగా ఉంటే ముందు ఇరుసు విప్పి చూడండి. తలవెంట్రుకలు, తివాచీ నూలు, చీర కుచ్చుల దారాలు ఇరుసుకి బిగుసుకుపోయి ఉంటాయి. పైనుంచి కనబడవు, చక్రం లాగేస్తే దాని వెనక ఉంగరంలా చుట్టుకుని ఉంటాయి. పట్టకారుతో తీసి, ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వెయ్యండి. అప్పటికీ కరెంటు తగ్గకపోతే మోటారు పళ్లచక్రం విడదీసి ఒట్టి మోటారుని తిప్పండి. కరెంటు బాగా తగ్గితే తప్పు గేర్లది. తగ్గకపోతే మోటారులో బ్రష్ పొడి కమ్యుటేటర్ (బ్రష్‌లు ఒరుసుకునే రాగి ఉంగరం) పలకల మధ్య చేరింది, లేదా వైండింగు మాడింది. రెంటికీ మోటారు మార్చడమే దారి.

స్ప్రింగులు, వైర్లు

కరెంటు సరిగ్గా ఉండి కూడా కొస వేడెక్కుతుంటే వోల్టేజి ఎక్కడ పోతోందో చూడాలి. మీటరుని వోల్టుల్లోకి మార్చి, కారు నడుస్తుండగా స్ప్రింగు తాకే సెల్ కొస మీద మీటరు ఒక కొస, ఆ స్ప్రింగుకి వైరు టంకం వేసిన చోట ఇంకో కొస పెట్టండి. 2 ఆంపియర్ల దగ్గర 0.3 వోల్టులు చూపిస్తే అక్కడ 0.15 ఓములు ఉన్నట్టు, 0.6 వాట్లు ఆ చిన్న స్ప్రింగులోనే వేడిగా మారుతున్నట్టు. ప్లాస్టిక్ డబ్బా మెత్తబడి స్ప్రింగు వాలిపోయేది ఇలాగే. స్ప్రింగు వాలితే ఒత్తిడి తగ్గుతుంది, రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది.

తెల్లటి పొడి ఉంటే అది కారిపోయిన ఆల్కలైన్ సెల్ క్షారం. దూది పుల్లని నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో ముంచి తుడిచి, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. చేతికి గ్లవ్స్ వేసుకోండి. స్ప్రింగు మంచిదే కానీ సన్నటి ఇనుపది అయితే దాని లోపల మెత్తటి రాగి జడని పై చుట్టునుంచి కింది చుట్టుదాకా టంకం వెయ్యండి. స్ప్రింగు ఒత్తుతుంది, కరెంటు రాగిలో పోతుంది.

బొమ్మల్లో వచ్చే వెంట్రుక లాంటి వైర్లని 22 గేజీకి మార్చండి. 26 గేజీ వైరు మీటరుకి 134 మిల్లీఓములు, 22 గేజీది 53. సెల్ మీద నేరుగా టంకం వెయ్యొద్దు. ఆ వేడికి బొడిపె కింది రబ్బరు వాషరు, లోపలి పొర దెబ్బతింటాయి. నికెల్ పట్టీ స్పాట్ వెల్డింగ్ చేసి అమ్మే సెల్స్ తీసుకుని ఆ పట్టీ మీద టంకం వేసుకోండి.

సెల్ మంచిదేనా?

4.7 ఓముల, 10 వాట్ల సెరామిక్ రెసిస్టర్ ఒకటి కావాలి. కోఠి గుజరాతీ గల్లీలో గానీ మీ ఊళ్లో స్పేర్ పార్టుల దుకాణంలో గానీ దొరుకుతుంది. సెల్ వోల్టేజి ఖాళీగా ఉన్నప్పుడు చూడండి, తర్వాత రెసిస్టర్ తగిలించి అయిదు సెకన్లకి మళ్లీ చూడండి. మీటరు కొసలు సెల్ మీదే ఉండాలి, క్లిప్ మీద కాదు.

ఖాళీగా 4.12, లోడుతో 4.06 ఉందనుకోండి. కరెంటు 4.06ని 4.7తో భాగిస్తే 0.86. తేడా 0.06ని దానితో భాగిస్తే 70 మిల్లీఓములు. ఈ సెల్ వాడుకోవచ్చు. లోడుతో 3.88కి పడితే లెక్క 290 మిల్లీఓములు. అది చిన్న లైటుకి తప్ప మోటారుకి పనికిరాదు. 150 దాటిన ఏ సెల్‌నీ మోటారు బొమ్మలో పెట్టొద్దు. ఒకే బొమ్మలో వాడే రెండు సెల్స్ కొలతలు దగ్గరదగ్గరగా ఉండాలి.

తొడుగు మీద 9800 మిల్లీఆంపియర్ అవర్ అని రాసి ఉంటే ఆ సెల్ కొనొద్దు. 18650 సైజులో నిజంగా దొరికేవి ఎక్కువగా 3500 చుట్టుపక్కలతో ఆగిపోతాయి. అసలైన సెల్ 45 గ్రాములకి అటూ ఇటూ తూగుతుంది. వంటింటి తూకం మీద పెడితే నకిలీ చాలాసార్లు అక్కడే దొరికిపోతుంది.

సెల్స్‌ని పక్కపక్కన సమాంతరంగా కలిపేవాళ్లకి ఇంకో సంగతి. ఒకటి 4.1, ఇంకోటి 3.6 వోల్టుల దగ్గర ఉండగా కలిపితే, రెండూ 50 మిల్లీఓములవైతే ఆ క్షణంలో 5 ఆంపియర్లు ఒకదానిలోంచి ఇంకోదానిలోకి పరుగెడతాయి. రెండింటినీ విడివిడిగా నిండా ఛార్జ్ చేసి, తేడా 0.02 వోల్టుల లోపు వచ్చాకే కలపండి.

ఛార్జింగులో కాలితే

చాలా మార్పుల్లో కనిపించే టీపీ4056 ఛార్జింగు బోర్డు ఒక్క లిథియం సెల్‌కి మాత్రమే. వరసగా కలిపిన రెండు సెల్స్‌కి రెండు బోర్డులు పెట్టి, రెంటికీ ఒకే 5 వోల్టుల అడాప్టర్ ఇస్తుంటారు. ఇది షార్ట్. పై సెల్ బోర్డు మైనస్ రెండు సెల్స్ నడిమి బిందువు దగ్గర ఉంటుంది, కింది బోర్డు మైనస్ అడుగున. ఒకే అడాప్టర్ ఆ రెండు మైనస్‌లనీ కలిపేస్తుంది, అంటే కింది సెల్ రెండు కొసలూ బోర్డుల గుండా కలిసిపోయినట్టే. కింది సెల్ ఒక్కటే కాలుతూ ఉంటే ముందు దీన్నే అనుమానించండి. రెండు సెల్స్‌కి 2ఎస్ బీఎంఎస్ బోర్డు (వరసగా కలిపిన రెండు సెల్స్‌ని కాపాడే బోర్డు), 8.4 వోల్టుల లిథియం ఛార్జర్ కావాలి. మోటారు మైనస్ వైరు ఆ బోర్డు మీద పీ మైనస్ (బయటి వైర్ల కోసం) అన్న చోటికి వెళ్లాలి. పొరపాటున బీ మైనస్‌కి (సెల్స్ వైపు) కలిపితే కారు చక్కగా నడుస్తుంది గానీ రక్షణ ఏమీ ఉండదు.

టీపీ4056 బోర్డు వచ్చినప్పుడు 1 ఆంపియరుకి సెట్ చేసి ఉంటుంది, ఆ కరెంటుని నిర్ణయించే ప్రోగ్ రెసిస్టర్ 1.2 కిలోఓములు. 400 మిల్లీఆంపియర్ అవర్ పౌచ్ సెల్‌కి ఇది మరీ ఎక్కువ. 1200ని రెసిస్టర్ ఓములతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 5.6 కిలోఓములు పెడితే 0.21 ఆంపియర్లు, ఆ సెల్‌కి సరిపోతుంది. 1 ఆంపియరు మీద ఆ చిప్ తానే వాటున్నర దగ్గర వేడి వదులుతుంది, కాబట్టి బోర్డుని ఫోమ్ టేపుతో సెల్ వీపు మీద అంటించొద్దు. ఛార్జ్ అవుతుండగా బొమ్మ స్విచ్ ఆన్‌లో ఉండకూడదు. కరెంటు పదోవంతుకి పడితేనే చిప్ ఛార్జింగు ఆపుతుంది, బొమ్మ లాగుతుంటే ఆ స్థాయికి పడనే పడదు.

వేడి తగ్గే మార్పులు

మా సలహా అడిగితే నాలుగు సెల్స్ డబ్బా ఉన్న కారులో ముందు నాలుగు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ పెట్టి చూడండి. 4.8 వోల్టులే అయినా లోడు మీద వోల్టేజి నిలబడుతుంది, చాలా కార్లు బాగానే నడుస్తాయి, బొమ్మ ఏ సెల్స్ కోసం తయారైందో ఆ స్వభావానికి దగ్గర. ఇంకా వేగం కావాలంటే 14500 సైజు (పెన్సిల్ సెల్ సైజే) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ రెండు, మిగతా రెండు గదుల్లో డమ్మీ సెల్స్ (కరెంటుని దాటించడానికే ఉండే ఉత్త గొట్టాలు). ఒక్కోటి 3.2 వోల్టులు, రెండూ 6.4. వీటికి 3.6 వోల్టుల దగ్గర ఆగే ప్రత్యేక ఛార్జరే వాడాలి, టీపీ4056 4.2 దాకా ఎక్కించేస్తుంది. అదే సైజులో 3.7 వోల్టుల మామూలు లిథియం సెల్స్ కూడా ఉంటాయి. నాలుగు గదుల్లోనూ పొరపాటున అవి పెడితే నిండా ఛార్జ్ మీద 16.8 వోల్టులు. పిల్లల చేతికి అందే చోట వాటిని ఉంచొద్దు.

18650లే ఉంచుకోవాలంటే పాజిటివ్ వైరులో, సెల్‌కి వీలైనంత దగ్గరగా, పాలీఫ్యూజ్ (చల్లబడ్డాక తనంతట తానే మళ్లీ కలిసే ఫ్యూజ్) పెట్టండి. నేల మీద నడిచే కరెంటు 1.2 ఆంపియర్లైతే 1.85 హోల్డ్ (తెగకుండా మోసే కరెంటు) ఉన్నది సరిపోతుంది, అది సుమారు 3.7 ఆంపియర్ల దగ్గర తెగుతుంది. తెగడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఎండాకాలం ఇంకా తక్కువ కరెంటుకే తెగుతుంది. ఫ్యూజ్ కూడా పనిచేసేటప్పుడు కాలుతుంది కనుక సెల్‌కి ఆనించొద్దు.

పాటల బొమ్మల్లో

బోర్డు మీద రెండు బిందువులు కలిపి వింత శబ్దాలు రప్పించే మార్పుల్లో సెల్స్ వేడెక్కడానికి దాదాపు ఎప్పుడూ ఒకటే కారణం, ప్లస్ రైలూ మైనస్ రైలూ (బోర్డు అంతటికీ సెల్స్ కరెంటు ఇచ్చే రెండు దారులు) తగిలాయి. మొదలుపెట్టేముందే మీటరుతో ఆ రెండు రైళ్లకి చెందిన బిందువులన్నీ వెతికి ఎర్ర, నల్ల మార్కర్లతో గుర్తు పెట్టుకోండి. ప్రతి ప్రయత్నమూ 1 కిలోఓము రెసిస్టర్ గుండా చెయ్యండి, శబ్దం నచ్చితే 100 ఓముల దాకా తగ్గించండి. 4.5 వోల్టుల బొమ్మలో 100 ఓములుంటే నేరుగా రైళ్లు తగిలినా 45 మిల్లీఆంపియర్లు దాటవు.

బొమ్మ మూగబోయి, సెల్స్ మాత్రం వేడెక్కుతుంటే స్పీకరు కొసల మధ్య డీసీ చూడండి. యాంప్లిఫయర్ ఒక వైపు బిగుసుకుపోతే 8 ఓముల స్పీకరులో ఆగకుండా అర ఆంపియరు పారుతుంది. స్పీకరుకి వరసగా 220 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి, ప్లస్ కాలు బోర్డు వైపు. మీరు కలిపిన వైరు తీసేసినా చిప్ వేడి తగ్గకపోతే అది లాచ్ అయింది, సప్లై పూర్తిగా తెగితేనే వదులుతుంది. అందుకే ప్లస్ వైరులో నొక్కితే తెగే స్విచ్ ఒకటి తప్పకుండా ఉండాలి.

తిరిగి బిగించేముందు

ఉష్ణోగ్రత వైరు సెల్ మీదే ఉంచి, మూత వేసి, పదిహేను నిమిషాలు ఆపకుండా నడపండి. మూత తీసి పరీక్షిస్తే గాలి ఆడి తప్పుడు ధైర్యం ఇస్తుంది. 45 లోపు నిలిస్తే మూతకి స్క్రూ బిగించండి, టేపు సరిపోదు. మూత లోపలి వైపు ఏ రకం సెల్స్, ఎన్ని వోల్టులు, ఏ ఛార్జర్ అన్నది పర్మనెంట్ మార్కర్‌తో రాయండి. రేపు ఆ బొమ్మ పక్కింటి పిల్లవాడికి ఇచ్చినా వాళ్లకి తెలియాలి. తీసేసిన సెల్స్ రెండు కొసలకీ టేపు వేసి ఈ-వేస్ట్ (ఎలక్ట్రానిక్ చెత్త) తీసుకునేవాళ్లకి ఇవ్వండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే. టేపు వెయ్యకుండా చెత్తబుట్టలో పడేస్తే ఏ అగరబత్తి పాకెట్టు వెండి కాగితమో తగిలి అక్కడ అంటుకుంటుంది.